బొట్టు పెట్టి పిలవని పట్నం

మదరాసు, తంగసాల వీధి
7 జూలై 1935

అత్తయ్యకు తులసి నమస్కారాలు.

ఉత్తరం ఆలస్యమైందని కోప్పడకు. మేమిద్దరం కులాసా. నువ్వు కట్టిచ్చిన కందిపొడి ఇంకా అడుగున కాస్త ఉంది, అయిపోతుందని పొదుపుగా వాడుతున్నాను. మామయ్య మోకాలి నొప్పి తగ్గిందా?

మా ఇల్లు ఎలా ఉందని అడిగావు. ఒకే వాకిలి, లోపల వరసగా గదులు, నడుమ అందరికీ ఒకే కుళాయి. మా గది చివరిది. ఎదుటి గదిలో కృష్ణమ్మ అని గిద్దలూరు ఆమె, మన వైపు మనిషే ఉంది. కుళాయి దగ్గర కనపడితే నవ్వుతుంది. నేనూ నవ్వుతాను. లోపలికి రమ్మని మాత్రం ఇంతవరకు అనలేదు. ఆమె పాతకాపు, నేను కొత్తగా వచ్చినదాన్ని, ముందు పిలవవలసింది ఆమే కదా. మిగతావాళ్ళు అరవవాళ్ళు, వాళ్ళ మాట నాకు రాదు. ఆయన పలకల కొట్టుకు వెళ్ళాక మళ్ళీ దీపాలవేళ వచ్చేదాకా నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు.

ఇప్పుడు నిన్నొక ధర్మసందేహం అడగాలి. ఈ ఊళ్ళో చూడడానికి డబ్బే అక్కర్లేదని ఆయన రోజూ చెబుతారు. ఎగ్మూరులో చచ్చిన కాలేజీ అని ఒకటి, ఇంకోచోట బతికిన కాలేజీ అని మరొకటి ఉన్నాయట. తోటలో బ్యాండు మేళం వాయిస్తారట. సాయంత్రం సముద్రం ఒడ్డున పాట కచేరీ పెడతారట. అన్నీ ఊరికేనట. "పోదాం రా" అన్నారు. "మనల్ని ఎవరు పిలిచారు?" అన్నాను. "పిలిచేదేంది, పోయేదే గదా. కార్పొరేషనోళ్ళు పెట్టినారు, ఎవురైనా రావొచ్చు" అన్నారు. ఎవరైనా అంటే అందులో మనం ఉన్నట్టా, లేనట్టా? నాకు తెలియక వెళ్ళలేదు. ఆయన ఆదివారాలు ఒక్కరే వెళ్ళి వస్తున్నారు.

అమ్మ పోయినప్పటి నుంచి నాకు అన్నీ నువ్వే చెప్పావు. పిలవనిచోటికి వెళ్ళవచ్చునా? వెంటనే రాయి.

నీ తులసి


మార్కాపురం
ఆషాఢ పౌర్ణమి, జూలై 16

చిరంజీవి సౌభాగ్యవతి తులసికి మేనత్త లక్ష్మీనరసమ్మ దీవెనలు.

మీ మామయ్య మోకాలు ఎప్పటిలాగే ఉంది. వాన వస్తుందని చెబుతుంది, వాన రాదు. నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. చదివినకొద్దీ గందరగోళమే తప్ప ఒక్క సంగతీ తేలలేదు. చచ్చిన కాలేజీ ఏమిటి? చచ్చినవాళ్ళకు చదువెందుకు?

నువ్వు వెళ్ళకపోవడం మంచి పని. నీకు నేను చెప్పాలా? ఈ ఊళ్ళో ఎవరింట్లో నోమైనా, సీమంతమైనా, పెళ్ళయినా కుంకుమభరిణ పట్టుకొని పిలుపులకు వెళ్ళేది నేనే. ఎవరిని ముందు పిలవాలో, ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరింట్లో మైల ఉందో నన్నడగకుండా ఈ బజారులో ఆకు వక్క కదలదు. మొన్న రామయ్యశెట్టిగారి కోడలి సీమంతానికి వాళ్ళ సొంత ఆడబిడ్డకే బొట్టు పెట్టడం మరిచిపోయారు. ఆమె వచ్చి గడప బయటే నిలబడింది. "పిలవకుండా నేనెట్ల వస్తాను?" అంది. నేను పరుగెత్తి బొట్టు పెడితేనే లోపలికి వచ్చింది. పుట్టింటికైనా అంతే. అలాంటిది ముక్కూ మొహం తెలియనివాళ్ళు పెట్టిన కచేరీకి మనం వెళ్ళి కూర్చుంటామా?

ఇంతకీ ఆ కార్పొరేషనువారు ఎవరు? ఏ ఊరివాళ్ళు? అంత కలిగినవాళ్ళు, రోజూ ఊరందరికీ పాట వినిపించేవాళ్ళు, వాళ్ళింట్లో పిలుపులకు వచ్చే ఆడవాళ్ళే లేరా? నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. డబ్బు అడగకుండా సాయంత్రంపూట మగవాళ్ళకు పాట వినిపించేవాళ్ళు ఎలాంటివాళ్ళో నా నోటితో నేను రాయను. పాడేది ఆడదో మగవాడో అల్లుణ్ణి మెల్లగా అడుగు.

ఆ కృష్ణమ్మ ఎందుకు పిలవలేదో కూడా కనుక్కో. గిద్దలూరువాళ్ళకు మర్యాద తెలియకపోలేదు. కుళాయి దగ్గర నువ్వేమైనా తొందరపడి ముందు బిందె పెట్టావా?

ఆశీర్వచనాలతో,
లక్ష్మీనరసమ్మ


మదరాసు
22 జూలై 1935

అత్తయ్యా,

నమస్కారాలు. బిందె నేను ముందు పెట్టలేదు. అందరూ పట్టుకున్నాకే పట్టుకుంటున్నాను.

నువ్వు చెప్పినట్టే అడిగాను. నిన్న సాయంత్రం ఆయన పంచె అంచున ఇసుకతో వచ్చారు. కాళ్ళకు నీళ్ళిచ్చి, అన్నం పెట్టి, మెల్లగానే మొదలుపెట్టాను. ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, నువ్వే తేల్చు.

"పాడేది ఆడామెనా?"

"ఈ పొద్దు ఆడామే."

"బాగుంటుందా?"

"బ్రహ్మాండంగా ఉంటుంది."

"చూసేదానికి ఎట్లుంటుంది?"

"ఎవురు చూసినారు? ఆమె కనపడదు."

"కనపడకుండా ఎక్కడ ఉంటుంది?"

"ఎక్కడో మేడలో ఉంటుంది. పాట మాత్రం స్తంభంలో నుంచి వస్తుంది."

ఆయన మజ్జిగన్నం తింటూ ఆ పాటే కూనిరాగం తీశారు. ఇంట్లో ఎప్పుడూ పాడని మనిషి. నాకు అంతకు ముందు ఏ అనుమానమూ లేదు అత్తయ్యా. నీ ఉత్తరం వచ్చాకే ఇసుక కూడా వేరేగా కనపడుతోంది.

చచ్చిన కాలేజీ సంగతి మాత్రం తెలిసింది. అది చదువుకునే కాలేజీ కాదట. చచ్చిన పులులనూ పక్షులనూ గడ్డి కూరి అద్దాల పెట్టెల్లో నిలబెట్టారట. బతికిన జంతువులున్న తోటను బతికిన కాలేజీ అంటారట. ఊళ్ళోవాళ్ళు పెట్టుకున్న పేర్లవి. చచ్చిన కాలేజీని నెలకొక పూట ఆడవాళ్ళకోసమే తెరుస్తారట, మగవాళ్ళను రానివ్వరట. ఆ మాట విన్నప్పుడు మాత్రం వెళ్ళాలనిపించింది. నీ మాట తలచుకొని ఊరుకున్నాను.

కృష్ణమ్మ నిన్న కుళాయి దగ్గర నవ్వలేదు.

నీ తులసి


(పోస్టుకార్డు)
మార్కాపురం
ఆషాఢం కడపటి శనివారం, జూలై 27

తులసికి దీవెనలు. కవరుకు ఆగలేక కార్డు రాస్తున్నాను. మేడలో ఉంటుంది, కనపడదు, బ్రహ్మాండంగా ఉంటుంది అని అల్లుడే ఒప్పుకున్నాక ఇంకేం కావాలి? మదరాసుకు పలకల పెట్టెలు వేసుకొని వెళ్ళి వచ్చే మన కొండలరావును అడిగాను. "స్తంభమే పాడుతుంది పిన్నీ. పైన బాకా మాదిరి ఉంటుంది. ఆడ మనిషేమీ లేదు" అన్నాడు. ఇతను కూడా అల్లుడి వైపే. మగవాళ్ళంతా ఒకటే మాట అనుకొని వచ్చారు. ఎవరైనా వచ్చి బొట్టు పెట్టి పిలిచేదాకా అల్లుణ్ణి సముద్రం వైపు వెళ్ళవద్దని నా మాటగా చెప్పు. చచ్చిన జంతువులను చూసి వచ్చినప్పుడు స్నానం చేసి లోపలికి వచ్చాడా? కార్డులో జాగా లేదు. శ్రావణం వస్తోంది, నాకు ఊపిరి సలపదు. ల.న.


మదరాసు
12 ఆగస్టు 1935

అత్తయ్యకు నమస్కారాలు.

నీ మాట చెప్పాను. "నీకు బొట్టు పెట్టేదానికి మేయరుగారి పెండ్లాము రావాల్నా?" అన్నారు. రావాలనే అన్నాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. మేడలో ఆమె గురించి కూడా అన్నాను, అనకుండా ఉండవలసింది. ఆ తరువాతి ఆదివారం నుంచి సముద్రానికి వెళ్ళడం మానేశారు. కొట్టు నుంచి వచ్చి గోడకు ఆనుకొని కూర్చుంటారు. నువ్వు చెప్పినట్టే జరిగింది కదా, మరి నాకెందుకు బాగుండలేదో తెలియడం లేదు.

మొన్న శుక్రవారం వరలక్ష్మీ వ్రతం చేసుకున్నాను. శనగలు నానబెట్టాను. తాంబూలం సర్దాను. ఆమె నన్ను పిలవకపోయినా వాయినానికి నేనే కృష్ణమ్మను పిలుద్దామని భరిణ తీసుకొని గుమ్మందాకా వెళ్ళాను. ఆమె తలుపు దగ్గరగా వేసి ఉంది. అటు నుంచి మాటైనా లేని ఇంటికి ఏ మొహంతో వెళ్ళను? వెనక్కి వచ్చాను. వాయినం పుచ్చుకోవడానికి ఒక్క ముత్తయిదువ లేదు అత్తయ్యా. అమ్మవారి ముందే పెట్టాను. ఆ శనగలు ఇప్పటికీ నేనే తింటున్నాను.

మన ఊళ్ళో ఆ రోజు నువ్వు ఎర్రంచు పట్టుచీర కట్టుకొని పిలుపులకు బయలుదేరి ఉంటావు. నీ వెనక నేను పసుపు గిన్నె పట్టుకొని తిరిగేదాన్ని. అది తలచుకొని ఏడ్చాను. సరిగ్గా అప్పుడే ఆయన వచ్చారు.

"ఈ ఊరు నీకు పడదులే. దసరా లోపల నిన్ను మార్కాపురంలో దిగబెట్టి వస్తా. నేనొక్కణ్ణే ఉంటా" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. ఒకసారి దిగబెడితే మళ్ళీ తీసుకురారని నాకు తెలుసు. రావాలని ఉంది, రాకూడదని ఉంది. ఇక్కడ ఉంటే గోడలు, అక్కడికి వస్తే మొగుడు వదిలేసినదాన్ని. నాకేమీ పాలుపోవడం లేదు. ఏం చేయమంటావో నువ్వే చెప్పు.

తులసి


మార్కాపురం
శ్రావణ బహుళ చవితి, ఆగస్టు 18

నా తల్లీ తులసీ,

దీవెనలు తరువాత. శనగల దగ్గరికి వచ్చేసరికి నాకు చదవబుద్ధి కాలేదు. కాగితం మడిచి వంటింటి గూట్లో పెట్టి, మళ్ళీ తీసి చదివాను. నేను పెంచిన పిల్ల వాయినం తీసుకొనే దిక్కులేక తనే తినడమా?

మీ మామయ్యకు చదివి వినిపించాను. ఆయన ఎప్పుడూ ఆడవాళ్ళ సంగతుల్లోకి రాడు. ఈసారి వచ్చాడు.

"తేరు నాడు చెన్నకేశవుని గుడి కాడికి ఊరంతా వస్తాది గదా. దోర్నాల నుంచి, యర్రగొండపాలెం నుంచి బండ్లు కట్టుకొని వస్తారు. వాళ్ళందరికీ నీవు బొట్టు పెట్టినావా?"

"దేవుడి దగ్గరికి పిలుపెందుకు? స్వామే పిలుస్తాడు" అన్నాను.

"నాకెప్పుడూ ఇనపడలేదే ఆ పిలుపు. ఊరికే పోయినాను, తాడు పట్టుకొని లాగినాను. ఎవురూ ఏందని అడగలా" అన్నాడు.

ఆ పూట ఆయనకు మజ్జిగ పోయలేదు. ఆయన మాట ఒప్పుకున్నాననుకోకు. దేవుడు వేరు, కార్పొరేషను వేరు. పిలుపు లేకుండా వెళ్ళకూడదు అన్నది తప్పు కాదు. ఆ ఊళ్ళో పిలిచే మనిషి లేకపోవడమే తప్పు. అంత పెద్ద ఊరు కట్టుకున్నారు, సముద్రం దగ్గర పాట పెట్టుకున్నారు, పిలుపులకు ఒక ఆడమనిషిని పెట్టుకోలేదు. తెలివితక్కువవాళ్ళు.

అందుకని నేనే పిలుస్తున్నాను. ఈ కవరులో చిన్న పొట్లం ఉంది. మన వాసవాంబ గుడి కుంకుమ. శ్రావణంలో కడపటి శుక్రవారం సాయంత్రం తలంటుకొని, మంచి చీర కట్టుకొని, గుమ్మం దగ్గర నిలబడు. అల్లుణ్ణి అద్దం పట్టుకోమను. ఉంగరపు వేలితో పెట్టుకో. అది నీ వేలు కాదు, నాదనుకో. నేను ఎదురుగా నిలబడి అంటున్నాననుకో. "అమ్మా తులసీ, ఈ సాయంత్రం సముద్రం దగ్గర పాట. మీ ఇంటిల్లిపాదీ రావాలి." ఇక నువ్వు పిలవకుండా వెళ్ళినదానివి కావు. ఎవరైనా అడిగితే మార్కాపురం లక్ష్మీనరసమ్మ పిలిచిందని చెప్పు.

ఆ మేడలో ఆమె సంగతి నాకింకా తేలలేదు. నీ కళ్ళతో నువ్వే చూసి రాయి. పొట్లంలో ఎక్కువే పెట్టాను. మిగిలినదాంతో కృష్ణమ్మను పిలువు. ముందు ఎవరు పిలవాలనేది నేను తరువాత ఆలోచించి చెబుతాను.

నిన్ను దిగబెట్టడం మాట అల్లుడు మళ్ళీ ఎత్తితే నాకు రాయి.

మీ అత్త


మదరాసు
26 ఆగస్టు 1935

అత్తయ్యా,

వెళ్ళాను.

పొట్లం విప్పి ఆయనకు చూపించి, నువ్వు రాసింది చదివాను. అద్దం పట్టుకున్నారు. అద్దం కదిలి నాకు నుదురు సరిగా కనపడలేదు. "సరిగ్గా పట్టుకోండి" అంటే, "మీ అత్త సామాన్యురాలు కాదు" అన్నారు. మొదటిసారి ఇద్దరం నవ్వాం.

తరువాత ఎదుటి గది తలుపు కొట్టాను. కృష్ణమ్మ బొట్టు పెట్టించుకుంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "పలకలోళ్ళ కోడలు, పెద్దింటి పిల్ల, మా గడప తొక్కదనుకున్యా. నీవే రాలేదని నేను రాలేదు. నేను ఈ ఊరికొచ్చి ఇన్నేండ్లాయె, ఒక్కరన్నా బొట్టు పెట్టలేదే" అంది. ఇన్నేళ్ళూ ఆమె కూడా సముద్రం చూడలేదట. ఎందుకని అడిగితే, "ఎవరు పిలిచినారని?" అంది. ఆమెకు పెట్టడం చూసి అరవ ఆడవాళ్ళు కూడా తలుపుల్లోకి వచ్చారు. మాట రాకపోయినా కుంకుమ చూపిస్తే అందరూ నుదురు ముందుకు పెట్టారు. ఎక్కడికని కూడా అడగకుండా బయలుదేరారు.

ట్రాము దిగి నడిచాం. సముద్రం గురించి నేనేమీ రాయలేను అత్తయ్యా. నువ్వే చూడాలి. ఇసుకలో జనం తిరునాళ్ళలా కూర్చున్నారు. స్తంభం ఉంది. పైన బాకా ఉంది. అందులోంచి నిజంగా ఆడమనిషి పాట వచ్చింది. నాకు నమ్మకం కుదరక స్తంభం చుట్టూ తిరిగి చూశాను. ప్రదక్షిణం అనుకొని కృష్ణమ్మా మిగతావాళ్ళూ నా వెనక తిరిగారు. మేడ లేదు, మనిషి లేదు. ఆమె ఎక్కడో ఊళ్ళో కూర్చొని పాడుతుందట, తీగెలో పాట వస్తుందట. అది ఎలాగో ఆయన చెప్పారు, నాకు అర్థం కాలేదు. అందులో తప్పేమీ లేదన్నది మాత్రం అర్థమైంది.

పాట అయ్యాక వెళ్ళొస్తామని చెబుదామంటే ఎవరికి చెప్పాలో తెలియలేదు. తాంబూలం ఎవరికిద్దాం? నేను తెచ్చిన శనగలూ తాంబూలమూ ఆ స్తంభం మొదట్లో పెట్టి దణ్ణం పెట్టాను. మిగతావాళ్ళు తలలో పువ్వులు తీసి పెట్టారు. ఆ స్తంభాన్ని చూసుకొనే మనిషి వచ్చి, ఇవాళ ఏం పండగని ఆయన్ను అడిగాడు. "మార్కాపురం పండగ" అని చెప్పారు.

దసరా మాట మళ్ళీ ఎత్తలేదు. చచ్చిన కాలేజీలో ఆడవాళ్ళ పూట వచ్చే వారమేనట. గది గదికీ వెళ్ళి నేనే పిలవాలని అందరూ ఆ పని నా మీద పెట్టారు. కుంకుమ ఇంకా ఉంది.

నీ తులసి


మార్కాపురం
చవితి మర్నాడు, సెప్టెంబరు 2

చిరంజీవి తులసికి దీవెనలు.

నీ ఉత్తరం చదివి మీ మామయ్య కొట్టు మూసేదాకా నవ్వుతూనే ఉన్నాడు. నాకు ప్రాణం కుదుటపడింది. అల్లుణ్ణి నేను ఏమేమి అనుకున్నానో అవన్నీ నువ్వు అతనికి చెప్పకు. స్తంభానికి ప్రదక్షిణం చేస్తే చేశారు గానీ బేసి సంఖ్యలో చేశారా?

ఇక్కడ చవితి బాగానే జరిగింది. బాగానే అంటే, నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి నాకు ఏదీ బాగాలేదు. ఏం జరిగిందో నాకే సరిగా తెలియడం లేదు. చెబుతాను, నువ్వేమైనా అర్థం చేసుకుంటావేమో.

మొన్న శెట్టిగారింట్లో పేరంటం. భరిణ పట్టుకొని బజారంతా పిలిచి వచ్చాను. సాయంత్రం వాళ్ళ గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి కృష్ణమ్మ మాట గుర్తుకొచ్చింది. "ఒక్కరన్నా బొట్టు పెట్టలేదే" అన్నదే, అది. నేను గడప బయటే నిలబడిపోయాను. లోపల ఆడవాళ్ళు "రా లక్ష్మీనరసమ్మా, ఏంది ఆడ్నే నిలబడినావు" అంటున్నారు. నేను ఈ ఊళ్ళో పిలవని గడప లేదు తులసీ. నాకు బొట్టు పెట్టి పిలిచిన గడప ఏదని వెతుక్కున్నాను. కనపడలేదు. పిలిచేదే ఆమె కదా, ఎట్లాగూ వస్తుంది అనుకున్నారు అందరూ. నేనూ అట్లాగే అనుకున్నాను. పెళ్ళయి ఈ ఊరు వచ్చినప్పటి నుంచి ప్రతి పేరంటానికీ నేను పిలవకుండా వెళ్ళినదాన్నే. నీకేమో పిలవకుండా వెళ్ళవద్దని చెప్పాను.

లోపలికి వెళ్ళాను, కూర్చున్నాను, వాయినం తీసుకున్నాను. ఇంటికి వచ్చి మీ మామయ్య మీద ఊరికే అరిచాను. నాది కోపమో దుఃఖమో తెలియదు. వయసు మీద పడుతోందేమో. నువ్వు ఈ సంగతి ఎవరికీ చెప్పకు.

తంగసాల వీధిలో అందరినీ పిలిచావు. మంచిది. సముద్రాన్ని నువ్వే చూడాలని రాశావు. అట్లా రాస్తే అయిపోతుందా?

లక్ష్మీనరసమ్మ


మదరాసు
8 సెప్టెంబరు 1935

మహాలక్ష్మి వంటి మా అత్తయ్యకు తులసి నమస్కరించి రాయునది.

ఈ కవరులో పొట్లం ఉంది. నువ్వు పంపిన కుంకుమలోదే, కడపటి చిటికెడు నీకోసం దాచాను. మామయ్యను అద్దం పట్టుకోమను. కదపవద్దని చెప్పు. గడప లోపల నువ్వు నిలబడు, గడప బయట నేను నిలబడి ఉన్నాననుకో. ఎర్రంచు పట్టుచీరే కట్టుకో.

దసరాకు రావాలి. అక్కడ పేరంటాలకు ఊరిని ఎవరు పిలుస్తారంటావు. ఎవరో ఒకరు భరిణ పట్టుకొని బయలుదేరతారు, ముందు ఎవరిని పిలవాలో తెలియక తికమకపడతారు, పడనీ. దసరా లోపల నన్ను దిగబెడతానన్న మనిషి ఇప్పుడు నీకోసం స్టేషనుకు వస్తానంటున్నారు. కృష్ణమ్మ నీకు తన గదిలో పక్క వేస్తానంది, ముందు తానే అడిగానని నీకు తప్పకుండా రాయమంది.

అమ్మా లక్ష్మీనరసమ్మా, సముద్రం దగ్గర పాట. మీ ఇంటిల్లిపాదీ రావాలి.